కూచ్చోను చాతగానిదాని జపాన్ యాత్ర

జపాన్ నుంచి తిరిగొచ్చినాక కువైట్ జహ్రాలో నన్ను నిలబెట్టి అడగని మనిషి లేదు. మా వీధి చివర బకాలా అంగడి నడిపే రాయచోటి ఖాదర్ భాయ్, బియ్యం సంచి చేతికిస్తా అడిగినాడు. శుక్రవారం కలిసే మనోళ్ళయితే చుట్టూ చేరి, "రెడ్డెమ్మక్కా, ఏమేం జూసినావో చెప్పు మాకు" అని ఒకటే పోరు. కొండ దగ్గరికి పోయినా, గుడులు చూసినా, ఎర్రగా మారిన చెట్లు చూసినా. కానీ ఒక్క తావునన్నా నిమ్మళంగా కూచ్చోని చూసింటే ఒట్టు. కాలు కాలిన పిల్లి మాదిరి తిరిగొచ్చినా. నోటితో చెప్తే ఒకరి నుంచి ఇంకొకరికి పోయేలోపల కథే మారిపోతాది. పది దాకా చదివిన చదువు ఉండనే ఉండాది గదా, అందుకే రాస్తాండా.

మాది గాలివీడు పక్క పల్లె. జహ్రాలో ఒకే ఇంట్లో ఏండ్ల తరబడి చేస్తాండా. ఇంటి యజమానురాలు నూరా మామా (ఈడ ఇంటామెను మామా అనే పిలుస్తాం), నాకు వీసా ఇచ్చిన కఫీల్ ఆమే. ఆమె తల్లిని నేను పెద్ద మామా అంటా. నా పనంతా పెద్ద మామాతోనే. ఆయమ్మ నాలుగేండ్ల కిందట స్నానాలగదిలో పడింది. ఎముక అతుక్కుంది, నడవమని డాక్టర్ చెప్పినాడు. అయితే ఆయమ్మ నా చెయ్యి పట్టుకోందే అడుగు వెయ్యదు. నీళ్ళు తాగాలన్నా, నమాజుకు లేవాలన్నా, "రదీమా!" అని కేక. రెడ్డెమ్మ అనే పేరు ఆ నోట్లో అట్ల తిరిగింది. రాత్రి పడక కూడా ఆయమ్మ గదిలోనే.

పోయిన ఎండాకాలం మా చెల్లెలు నాగవేణి గాలివీడు బస్టాండు పక్కన ఒక రూము చూసింది. పొద్దున ఉగ్గాని, కారం దోశ, సాయంత్రం బజ్జీలు. "అక్కా, నువ్వొస్తే పెడదాం. నువ్వు లేకుంటే నాకు ధైర్యం లేదు" అనింది. నాకు యాభై దాటినాయి. నా పొయ్యి మింద, నా పెనం మింద నేను దోశ పోసుకోవాల. ఆ ఆశ తప్ప నాకింకోటి లేదు. నూరా మామాను అడిగినా, వీసా ఖలాస్ చేసి పంపీ మామా అని. "యుమ్మా ఒప్పుకుంటే సంతకం పెడతా" అనింది. యుమ్మా అంటే వాళ్ళమ్మ. పెద్ద మామా దగ్గరికి పోయి అడిగితే, తలకూడా ఎత్తకుండా, "నేను పోయినాక పో" అనింది.

ఆయమ్మ పోతేనే నేను పోవాలంటే, పొద్దున లేస్తూనే దేవునికి ఏమని మొక్కేది? కన్నతల్లికి చేసినట్టు చేస్తాండా ఆయమ్మకు. ఆమె సావుకు ఎదురుజూసే బతుకు నాకొద్దు.

ఈ లోపల నూరా మామా జపాన్ టూరు మాట్లాడుకుంది. ఎవరూ అడక్కముందే పెద్ద మామా, "నేనూ వస్తా" అనింది. ఇంటిల్లిపాదీ నోరు తెరిచినారు. సంగతేమంటే, ఆయమ్మ వాళ్ళ నాయన పాతకాలంలో పడవ మీద పోయి సముద్రంలో మునిగి ముత్యాలు తీసేవాడు. జపానోళ్ళు ముత్యాల పెంపకం మొదలుపెట్టినాక ఆ ముత్యాలకు ధర పడిపోయి, పడవ ఒడ్డుకెక్కిందంట. "మా కూడు తినినోళ్ళు ఎట్లుంటారో ఒకసారి చూసి సావాల. రదీమా వస్తేనే పోతా" అనింది. నూరా మామా నన్ను పక్కకు పిలిచి, "అక్కడ మనసు బాగుంటాది. తిరిగొచ్చేలోపల నువ్వే అడిగి ఒప్పించుకో" అని చెప్పింది. అదీ నేను జపాన్ పోయిన కారణం. కొండలు చూసేదానికి కాదు.

టోక్యోలో నాకొక కుర్చీ

ఏర్‌పోర్టులోనే మా గైడు హరుకా కలిసింది. సన్నగా, పొట్టిగా, నవ్వు ముఖం. ఎప్పుడో కైరోలో చదువుకున్నదంట, అరబ్బీ మాట్లాడతాది. అయితే అది మన ఇండ్లల్లో మాట్లాడే అరబ్బీ కాదు, టీవీలో వార్తలు చదివే అరబ్బీ. మన మాటల్లో చెప్పాలంటే, "పెద్దమ్మగారూ, తమరు దయచేసి వాహనమున ఆసీనులు కండి" అన్నట్టు ఉంటాది. పెద్ద మామా నా చెవిలో, "ఈ పిల్ల నన్ను వార్తల్లో చదువుతాండాదా ఏమి?" అనింది.

టోక్యోలో జనం చీమల పుట్టలో మాదిరి ఉండారు, అయినా చప్పుడు లేదు. రైల్లో అందరూ మౌనవ్రతం పట్టినట్టు కూచ్చున్నారు. అప్పుడే పెద్ద మామా చెల్లెలు కువైట్ నుంచి వీడియో కాల్ చేసింది. మన పెద్ద మామా స్పీకర్ పెట్టి, "ఆఁ! ఇక్కడ మనుషులు బానే ఉండారు! ఎవరూ మాట్లాడరు, అంతే!" అని అరిచింది. పెట్టెలో తలలన్నీ ఒకసారి లేచి మళ్ళీ వంగినాయి. నూరా మామా ముఖం ఎర్రగా కందిపోయింది. నాకేమో నవ్వు ఆగదు.

పెద్ద అంగడిలో పండ్లు చూడాల మీరు. ఒక్క ద్రాక్ష గుత్తి మన పన్నెండు దినార్లు! దాన్ని దూది మింద పడుకోబెట్టి, పెట్టెలో పెట్టి, రిబ్బను కట్టినారు. పెండ్లికూతురికి కూడా అంత సింగారం చేయరు. ఆ ధరకు మా దిక్కు పండ్ల బండి బండే ఇచ్చేస్తారని హరుకాకు చెప్తే, ఆ పిల్ల నమ్మలేదు.

భోజనం దగ్గర మొదలైంది నా తిప్పలు. జహ్రాలో నేను వాళ్ళకు వడ్డించి, వాళ్ళు లేచినాక వంటింట్లో తింటా. ఏనాడూ ఎవరూ తప్పు పట్టిందీ లేదు, నేను బాధపడిందీ లేదు. ఇక్కడ హరుకా నాలుగో కుర్చీ లాగి, "తమరు కూడా" అనింది. నూరా మామా తల ఊపింది. కుర్చీ అంచున కూచ్చున్నా. పెద్ద మామాకు చేప ముల్లు తీసేదానికి లేస్తి. నీళ్ళు అందించేదానికి లేస్తి. ఇంగేమీ లేకున్నా, ఎందుకో ఒకసారి లేచి నిలబడితి. వడ్డించే పిల్లోడు కంగారుపడి, ఏం కావాలని పరిగెత్తుకొచ్చినాడు. ఆడ అన్నం జిగటగా, ముద్దలు ముద్దలుగా ఉంటాది, చప్పిడి కూర. సంచిలోంచి మా నాగవేణి పంపిన ఉసిరికాయ ఊరగాయ తీసి కలుపుకున్నా. నూరా మామా కూడా రవ్వంత అడిగి వేయించుకుంది.

కొండ కింద సత్రం

రెండో మజిలీ పెద్ద కొండ కింద. ఆ కొండను చూసేదానికే లోకమంతా వస్తాదంట. మేము పోయిన పూట మబ్బు కప్పేసింది. హరుకా తానే మబ్బు తెచ్చినట్టు తలొంచి క్షమాపణ చెప్పింది. పెద్ద మామా, "పోనీలే, మా జహ్రాలో కూడా దుమ్ము లేస్తే ఎదురిల్లు కనపడదు" అని ఓదార్చింది.

సత్రంలో చెప్పులు వాకిట్లోనే విడవాల. ఆ మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది, అచ్చం మన ఇండ్ల మాదిరే. లోపల నేలంతా చాపలు, గడ్డి వాసన. మంచాలు లేవు, నేల మింద పరుపులు. మమ్మల్ని చూసుకునేదానికి ఒక ఆమె, పేరు యోషికో. నా వయసే ఉంటాది. మోకాళ్ళ మీద కూచ్చోని తలుపు తెరుస్తాది, మోకాళ్ళ మీద కూచ్చోని భోజనం పెడతాది. నా ముందు కూడా అట్లే పెట్టింది. నా ముందు తల వంచింది! జన్మలో ఎవరూ నాకు అట్ల చేయలేదు. ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది నాకు. పళ్ళేలు నేనే ఎత్తుకుపోదామని లేస్తే, ఆమె రెండు చేతులూ అడ్డం పెట్టింది.

పొద్దున అందరికంటే ముందు లేచినా. అలవాటు ఊరుకోనిస్తాదా? మామాలిద్దరూ నమాజుకు లేచినాక పరుపులు మడిచి గోడ అలమారలో కుక్కినా. స్నానాలగది రుద్దినా. ఇంగా పొద్దు చాలా ఉన్నింది. మన ఇండ్లల్లో మాదిరి గుడ్డ తడిపి, ఆ మూల నుంచి ఈ మూల దాకా చాపలన్నీ శుభ్రంగా తుడిచేసినా. నీళ్ళు బాగానే పట్టించినా, ఎందుకంటే శుభ్రమంటే తడి కనపడాల గదా.

యోషికో టీ తీసుకొని వచ్చింది. తడి చాపలు చూసింది, ఖాళీ నేల చూసింది. ట్రే కింద పెట్టి, నేలకు నుదురు ఆనేంతగా వంగి, అట్లే ఉండిపోయింది. లేవదు! నేను బెదిరిపోయి నేనూ వంగినా. ఇద్దరమూ ఎదురెదురుగా వంగి ఉండాం, ఎవరు ముందు లేవాలో తెలీదు. హరుకా వచ్చి విషయం విప్పింది. ఆ చాపలకు తడి తగలకూడదంట, బూజు పడతాదంట. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి. "తమరు ఆమె పని చేసినారంటే, ఆమె సరిగా చేయలేదని చెప్పినట్టు. ఏమి లోపం జరిగినదో తెలియక బాధపడుచున్నది" అనింది.

అయ్యో, నా చేతులు పడిపోను! "లేదమ్మా, నాకు కూచ్చోను చాతగాక చేసినా" అని చెప్పించినా. యోషికో నా అరచేతులు తిప్పి చూసింది, తన అరచేతులు చూపించింది. రెండూ ఒకే మాదిరి కాయలు కాసి ఉండాయి. నవ్వింది. అప్పటికి గాని నా ఊపిరి కిందికి దిగలేదు.

పెద్ద మామా కిటికీ పక్కన కూచ్చోని అంతా చూస్తాండింది. "రదీమా, నువ్వు ఎవరి చేతిలోనూ పని ఉండనీవు" అనింది. తమాషాకే అనింది. అయితే అన్నాక ఎందుకో తన కాళ్ళ దిక్కు చూసుకుంది.

క్యోటోలో అడిగినా

క్యోటో అంటే గుడుల ఊరు. మన గుళ్ళల్లో ఉండే గంట, కొబ్బరికాయ, తోపులాట ఏమీ లేవు. దేవుని కంటే తోట పెద్దది. ఎర్రాకుల కింద జనం ఫోన్లు పైకెత్తి నడుస్తాండారు. దారంతా కంకర, దూరాలకని తెచ్చుకున్న చక్రాల కుర్చీ కదల్లేదు. పెద్ద మామా నా చెయ్యి పట్టుకొని, నా మీద బరువంతా వేసి నడిచింది.

నాగవేణి ముందురోజే ఫోన్ చేసి ఉన్నింది. "అక్కా, రూము ఓనరు ఆగేటట్టు లేడు. అడిగినావా లేదా?" అని. ఇంగ నాకు ఎర్రాకులూ కనపళ్ళేదు, గుడీ కనపళ్ళేదు. రాతి అరుగు మీద పెద్ద మామాను కూచ్చోబెట్టి, ఫ్లాస్కులోంచి గావా కాఫీ పోసి, ఖర్జూరం చేతిలో పెట్టి అడిగేసినా.

"మామా, నన్ను పంపీ మామా."

"యాడికి?"

"మా ఊరికి. ఇంకో మనిషిని చూసిపెట్టే పోతా. పని నేర్పించే పోతా."

ఆయమ్మ గావా తాగింది. కప్పు ఊపి నాకిచ్చింది, ఇంగ చాలని. "నువ్వు చెయ్యి వదిలితే నేను పడతా" అనింది.

"పడవు మామా. డాక్టర్ చెప్పినాడు గదా."

"డాక్టర్‌కు ఏం తెలుసు? పడింది ఆయనా నేనా?" నా మణికట్టు పట్టుకుంది, గాజు విరిగేంత గట్టిగా. కోపం కాదది, భయం. ఈ జన్మకు దోశ పెనం లేదు రెడ్డెమ్మా అనుకున్నా. హోటల్‌కు తిరిగొచ్చేదాకా లోపల్లోపల ఆయమ్మ మీద మంటే, అంతలోనే జాలి. రెండూ ఒకేసారి ఉంటే మనిషి నిలబడలేడు. సాయంత్రమంతా మడిచిన బట్టలే మళ్ళీ మళ్ళీ మడిచినా.

ముత్యాల సముద్రం

చివరి మజిలీ సముద్రం పక్క ఊరు. ముత్యాల అంగట్లో పెద్ద మామా ఒక దండ చేతిలో పట్టుకొని, గింజ గింజా తిప్పి చూసి, "అన్నీ ఒకే మాదిరి ఉండాయి. సముద్రం ఇట్ల చెయ్యదు" అని గాజు మీద పెట్టేసింది. అమ్మే పిల్ల దానికీ వంగి నమస్కారం చేసింది.

ఆ ఊర్లో ఆడోళ్ళు సముద్రంలో మునుగుతారు. మగోళ్ళు కాదు, ఆడోళ్ళు! నత్తలు, గవ్వలు, నాచు తీసుకొస్తారు. మేము ఒడ్డున నిలబడి చూసినాం. తెల్లబట్టల్లో ఒక మనిషి కాళ్ళు పైకెత్తి నీళ్ళల్లోకి పోయింది. పోయింది, పోయింది, రాదే! అప్పుడు నీళ్ళు చీల్చుకొని తల లేచింది. నోట్లోంచి సన్నగా, ఈల మాదిరి ఊపిరి వదిలింది. ఆ ఈల వినగానే చక్రాల కుర్చీలో ఉన్న పెద్ద మామా లేచి నిలబడింది. నా చెయ్యి పట్టుకోలేదు. పట్టుకోలేదని ఆయమ్మకే తెలీదు.

బయటికొచ్చినాక చూస్తే ఆ మునిగినామె ముసలవ్వ. గుడిసెలో నిప్పుల చుట్టూ మమ్మల్ని కూచ్చోబెట్టి గవ్వలు కాల్చి పెట్టింది. ఉప్పుప్పగా, సాగుతా, బాగానే ఉన్నింది. అవ్వ పెద్ద మామాను ఎగాదిగా చూసి, వయసెంతని అడిగించింది. హరుకా చెప్పింది.

"నాకంటే చిన్నదే గదా! కాళ్ళకేమైంది?" అనింది అవ్వ.

"పడినా" అనింది పెద్ద మామా.

"ఎప్పుడు?"

"నాలుగేండ్లయింది."

అవ్వ పండ్లు లేని నోటితో పగలబడి నవ్వింది. "నాలుగేండ్లకు పడవ విరిగినా అతుక్కుంటాది, కాలు అతుక్కోదా?"

నూరా మామా భయపడిపోయింది. మా పెద్ద మామాను ఈ భూమ్మీద అట్ల ఎవరూ అనలేదు. ఆయమ్మ ముఖం గంటు పెట్టుకుంది. అయినా, "మా నాయన కూడా మునిగేవాడు" అనింది. అవ్వ నవ్వు ఆపి దగ్గరికి జరిగింది. "నడుముకు తాడు కట్టుకొని మునిగేవాడు. పడవలో ఒక మనిషి ఆ తాడు పట్టుకొని నిలబడేవాడు. కిందోడు గుంజినప్పుడే పైనోడు లాగాల. ముందే లాగితే ముత్యం పోతాది, నిద్రపోతే మనిషి పోతాడు. ఊరికే నిలబడేదే అన్నిటికంటే కష్టమని మా నాయన చెప్పేవాడు."

హరుకా ఆ మాటలు చెప్తాంటే అవ్వ తల ఊపుతానే ఉంది. "మాకూ అంతే. మా ఆయన పడవలో నిలబడి నా తాడు పట్టేవాడు" అనింది.

"ఇప్పుడు ఎవరు పడతారు?" అనింది పెద్ద మామా.

"ఎవరూ లేరు. ఆయన పోయినాడు. నేనే మునుగుతా, నేనే లేస్తా."

"భయం లేదా?"

"ఉండాది. అందుకని మునగకుండా ఉంటామా?"

పెద్ద మామా నిప్పుల దిక్కు చూస్తా ఉండిపోయింది. లేచేటప్పుడు అవ్వ ఒక గవ్వ కడిగి ఆయమ్మ చేతిలో పెట్టింది.

గుడిసె నుంచి బండి దాకా చెక్క పలకల దారి, కొంచెం ఏటవాలు. నేను అలవాటుగా చెయ్యి చాచినా. ఆయమ్మ ఆ చేతిని పక్కకు తోసి, "వదులు. నేను తాడు గుంజితే అప్పుడు పట్టుకో" అనింది.

ఆ దారి నేను ఎట్ల నడిచినానో నాకే తెలీదు. ఆయమ్మ ముందు, నేను వెనక. ఒక పలక దగ్గర కాలు తూలింది. నా రెండు చేతులూ ముందుకు పోయినాయి, నోట్లో "మామా" వచ్చేసింది. పట్టుకుందామా? పట్టుకుంటే ఆయమ్మ మళ్ళీ నా చెయ్యి వదలదు. పట్టుకోకుంటే, పడితే? పడితే నన్ను నేను క్షమించుకుంటానా? నా ఊరు, నా పొయ్యి, ఆయమ్మ ఎముకలు, అన్నీ ఆ ఒక్క పలక మీదే ఉన్నట్టు అనిపించింది. పండ్లు బిగబట్టి చేతులు వెనక్కి కట్టుకున్నా. ఆయమ్మ పక్క కమ్మీ పట్టుకొని నిలదొక్కుకుంది. తిరిగి చూడలేదు. బండి దాకా పోయి, ఎక్కి కూచ్చుంది. నూరా మామా ఏడుస్తాండింది. నేనూ ఏడ్చినా. సంతోషంతో కాదు, మీకు నిజమే చెప్తా. ఆయమ్మకు నా చెయ్యి అక్కరలేకపోయిందే అని ఏడుపొచ్చింది. పోవాలని మొత్తుకున్నదాన్ని నేనే గదా! మనిషి మనసు ఎంత తిక్కదో చూడండి.

మళ్ళీ జహ్రా

కువైట్ ఏర్‌పోర్టులో దిగినాక ఆయమ్మ చక్రాల కుర్చీలోనే కూచ్చుంది, అలిసిపోయినాది. అయితే తోసేదానికి నేను పోతే, "నీ సంచి నువ్వు పట్టుకో" అని ఏర్‌పోర్టు పిల్లోన్ని పిలిచింది.

ఇంటికొచ్చినాక ఆయమ్మ గోడ పట్టుకొని స్నానాలగదికి పోవడం మొదలుపెట్టింది. నేను తలుపు బయట నిలబడి ఊపిరి బిగబట్టుకుంటా. నా ఊరి మాట ఆయమ్మ ఎత్తలేదు. అడగాలని నోటి దాకా వస్తాది, మణికట్టు పట్టుకున్న ఆ భయం గుర్తొచ్చి ఆగిపోతా. నాగవేణి ఫోన్ మోగితే ఎత్తేదానికే భయం. ఓనరు ఇంగ ఆగనన్నాడంట, ఇంకెవరో అడ్వాన్సు పట్టుకొని తిరుగుతాండారంట.

నిన్న పొద్దున లేచి చూస్తే పక్క మంచం ఖాళీ. నా పై ప్రాణం పైనే పోయింది. స్నానాలగదిలో లేదు. వంటింట్లో లేదు. నడవాలోకి పరిగెత్తితే, ఆ చివర నుంచి ఆయమ్మ వస్తాండాది. ఒక చెయ్యి గోడ మీద, ఇంకో చేతిలో అవ్వ ఇచ్చిన గవ్వ. తల మీద గుడ్డ జారి తెల్ల జుట్టు కనపడతాండాది.

"యాడికి పోయినావు మామా? నన్ను పిలవొచ్చు గదా!"

"నూరా గదికి. నీ సంతకం సంగతి చెప్పేదానికి." ఆయాసం తీర్చుకునేదానికి ఆగింది. "ఖలాస్, రదీమాను పంపీమని చెప్పినా. నా కాళ్ళతో పోయి చెప్పినా. నీ చెయ్యి పట్టుకొని పోయి ఆ మాట చెప్తే ఏం బాగుంటాది?"

నా చేతులు వాటంతటవే ముందుకు పోయినాయి. ఆయమ్మ చూసింది. "నేను గుంజలేదు" అనింది.

చేతులు దించుకున్నా. ఆయమ్మ గోడ వెంబడి, ఆగి ఆగి, నన్ను దాటుకొని గదిలోకి పోయింది. మంచం దాకా పోయి, మెల్లగా కూచ్చుంది. అప్పుడు పక్కన పరుపు మీద తట్టి, "ఇంగ నువ్వు కూచ్చో" అనింది.

కూచ్చున్నా. చాలాసేపు కూచ్చున్నా. ఎందుకూ లేయాలనిపించలేదు.